ఆస్థాన చిత్రకారులకూ బిల్లు కోసేవారా?

కోఠి కుంచె:
ఫొటో చూసి ఆయిల్ పోర్ట్రెయిట్లు వేస్తాను. మొన్న ఒకాయన వాళ్లమ్మగారి బొమ్మ వేయించుకున్నాడు. "పళ్లు కాస్త లోపలికి నెట్టండి, చెంపలు నింపండి" అన్నాడు. నెట్టాను, నింపాను. తీసుకెళ్లే రోజు "అమ్మలా లేదు" అని మూడు వేలు కోసేశాడు. వాన్ డైక్ లాంటి రాజుల చిత్రకారులకూ ఈ బాధ ఉండేదా?

చిక్కడపల్లి బాబాయ్:
నీకు తోడు ఆయనే ఉన్నాడు తమ్ముడూ. పుట్టింది ఆంట్‌వెర్ప్‌లో. 1632లో లండన్ వెళ్తే ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ సర్ బిరుదు ఇచ్చాడు, ఏడాదికి 200 పౌండ్ల భృతి రాసిచ్చాడు. రాసివ్వడం వరకే. 1638 నాటికి ఐదేళ్ల భృతి బాకీ! బొమ్మలకు బిల్లు పెడితే రాజుగారే కొన్ని ధరలు కొట్టేసి తగ్గించాడు. వేటకెళ్లిన రాజు గుర్రం పక్కన నిలబడే బొమ్మ ఉంది చూడు, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది, దానికి 200 అడిగితే 100 అన్నాడు. సగానికి సగం. నీ మూడు వేలు నయం కదూ.

ఇక పళ్ల సంగతి. వాన్ డైక్ వేసిన బొమ్మలు చూసి చార్లెస్ రాణి హెన్రియెట్టా మారియా ఎంత అందగత్తో అనుకుంది రాజుగారి మేనకోడలు సోఫియా. తీరా ఎదురుపడితే పొట్టి మనిషి, బక్క చేతులు, ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు. తన జ్ఞాపకాల్లో రాసుకుంది పాపం. అంటే వాన్ డైక్ కూడా నెట్టాడన్నమాట.

రంగుల డబ్బా:
ఆయన పద్ధతి గురించి స్నేహితుడు యాబాక్ చెప్పిన మాట ఒకటుంది. ఒక మనిషిని ఒకసారికి గంటే కూర్చోబెట్టేవాడట. గంట కాగానే లేచి నమస్కారం, కుంచెలు కడగడానికి నౌకరు, తరవాతి మనిషి. ఆ మనిషి బట్టలు ఇంటి నుంచి తెప్పించుకుంటే, వాటిని చూసి శిష్యులు బొమ్మలో వేసేవారు. చేతులు చూసి వేయడానికి కూలికి మనుషులను కూర్చోబెట్టుకునేవాడు. నా దగ్గర శిష్యుడంటే మా బామ్మర్ది, కాన్వాస్ బిగించడం కూడా రాదు.

పాతబస్తీ:
మన దగ్గర ఆ కొలువు కెమెరాకి పోయింది. ఆరో నిజాం ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్‌కి ఇచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడే!

కోఠి కుంచె:
చేతులకు కూలి మనుషులా! నేను ఆ ఫొటోలో కనపడని వేళ్లకు మా ఆవిడను కూర్చోబెట్టాను. పోలిక రాకపోవడం అక్కడేనేమో. ఇంతలో ఆయనే ఫోన్ చేశాడు, నాన్నగారి బొమ్మ కూడా కావాలట, మీసం ఒత్తుగా ఉండాలట. సగం అడ్వాన్స్ అడిగాను. ఆలోచిస్తానన్నాడు.