గర్భసంచి ఆపరేషన్లపై మా ఊళ్లో సర్వే చేస్తున్నాం, తెలిసినవాళ్లు సలహా ఇవ్వగలరు

అందరికీ నమస్కారం. మాది పల్నాడు వైపు. మా డ్వాక్రా సంఘం ఆడవాళ్లమే ఇంటింటికీ తిరిగి, గర్భసంచి తీయించుకున్నవాళ్ల వివరాలు రాసుకుంటున్నాం. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది, కానీ మా వీధిలో ముప్ఫై ఏళ్లు దాటీ దాటకుండానే తీయించుకున్నవాళ్లను చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే క్యాన్సర్ వస్తుందని భయపెట్టారట. ఒకావిడ పాలిథిన్ కవర్లో దాచిన డిశ్చార్జి కాగితం చూపించింది, అందులో ‘బల్కీ యుటెరస్’ (గర్భసంచి పెద్దదైంది) అన్న ముక్క తప్ప బయాప్సీ (కండముక్క తీసి చేసే పరీక్ష) ఊసే లేదు.

ఇలాంటి ఆపరేషన్లపై జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు చెప్పింది. మా జిల్లా కమిటీ మినిట్స్ (సమావేశాల రికార్డులు) కావాలంటే ఆర్టీఐ ఎవరికి పెట్టాలి, జిల్లా వైద్యాధికారికా (డీఎంహెచ్ఓ), కలెక్టరేట్‌కా? పేర్లు బయటపడకుండా వివరాలు ఎలా భద్రపరచాలి? అత్తగారు పక్కనే కూర్చుంటే నోరు విప్పడం లేదు, అప్పుడు మీరైతే ఏం చేస్తారు? ఇలాంటి పని చేసినవాళ్లుంటే మీ ప్రశ్నావళి నమూనా పంపండి, ప్లీజ్.