అత్తగారి ఊరి చర్చి రిజిస్టర్లు, 1600ల నాటి వీలునామాలు: చదివిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

సఫోక్_కోడలు:
మా అత్తగారిది ఇంగ్లండులోని సఫోక్‌లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ దగ్గర ఒక పల్లె. డిసెంబరుకి ఆవిడకి ఎనభై నిండుతాయి, ఆలోపు వాళ్ళ వంశవృక్షం గీసి చేతిలో పెట్టాలని రెండేళ్ళ నుంచి కూర్చున్నాను. 1813 నుంచి అచ్చు ఫారాలు కాబట్టి ఇబ్బంది లేదు, అక్కణ్ణుంచి ఒక్కో మెట్టే దిగుతూ 1641 దగ్గర ఆగిపోయాను.

పెళ్ళి 1641 ఏప్రిల్‌లో, పెద్దబిడ్డ బాప్టిజం 1641 ఫిబ్రవరిలో. పెళ్ళికి ముందే బిడ్డా? అత్తగారికి ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఆ బిడ్డ తండ్రి 1656లో పోయాడు, అతని వీలునామా బరీ ఆర్కైవ్స్ సూచికలో లేదు. అతని తండ్రిది మాత్రం 1638 వీలునామా దొరికింది గానీ ఆ రాత సగం అర్థం కావట్లేదు, ఎలా చదవాలి? అర్థమైనంతలో చిన్నకొడుక్కి పొలం, కూతుళ్ళకి ఇరవయ్యేసి పౌన్లు, పెద్దకొడుక్కి ఒక్క షిల్లింగు. మావాళ్ళు ఆ పెద్దకొడుకు సంతతే.

పాతరాతలు:
అత్తగారికి ఏమీ చెప్పనక్కర్లేదండీ. అప్పట్లో ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది, మన ఉగాది రోజుల్లో మారినట్టు. ఏప్రిల్ ఆ ఏడాది మొదట్లోది, ఫిబ్రవరి అదే ఏడాది చివర్లోది. అంటే పెళ్ళైన పది నెలలకి బాప్టిజం. మన లెక్కలో అది 1642. 1641/2 అని రెండూ రాసి పెట్టుకోండి, లేకపోతే నెల తిరిగేసరికి మళ్ళీ ఇదే అనుమానం వస్తుంది. జనవరి 1న సంవత్సరం మొదలవడం అక్కడ 1752 నుంచే.

1656 వీలునామా బరీలో ఉండదు. వీలునామాలు ఖరారు చేసేవి మామూలుగా చర్చి కోర్టులు, రాజు లేని ఆ రోజుల్లో అవి పనిచేయలేదు. 1653 నుంచి 1660 దాకా దేశం మొత్తానికి లండన్‌లో ఒక్క కోర్టే. లండన్ క్యూ ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 అనే వరుస చూడండి. ఇంటిపేరు నాలుగైదు స్పెల్లింగులతో వెతకాలి.

రిటైర్డ్_సబ్‌రిజిస్ట్రార్:
అమ్మా, 31 సంవత్సరాలు రిజిస్ట్రేషన్ శాఖలో చేశాను. గొలుసుకట్టు రాతలో ఉన్న దస్తావేజులు భూతద్దం లేకుండా చదివేవాణ్ణి. దేశం ఏదైనా వీలునామా మనసు ఒక్కటే. పెద్దకొడుక్కి ఒక్క షిల్లింగు రాశాడంటే తోసేశాడనే అర్థం. పేరే రాయకపోతే తండ్రి మర్చిపోయాడని కోర్టుకెక్కుతాడు, అందుకని పేరు రాసి నామమాత్రంగా ఏదో పడేస్తారు. తండ్రీకొడుకుల మధ్య ఏదో జరిగింది. అది తవ్వండి.

ఎక్సెటర్_అల్లుడు:
మీకు చదవడానికి వీలునామా అంటూ ఒకటి ఉంది, ముందు దానికి సంతోషించండి. మా ఆవిడ వాళ్ళది డెవన్. 1942 మేలో ఎక్సెటర్ మీద బాంబులు పడ్డప్పుడు వీలునామాలు దాచే ప్రొబేట్ రిజిస్ట్రీ తగలబడి డెవన్, సోమర్‌సెట్ వీలునామాలు దాదాపు అన్నీ పోయాయి. వందల ఏళ్ళ కాగితాలు ఒక్క రాత్రిలో. సూచికలో మావాళ్ళ పేరు, ఊరు, సంవత్సరం కనపడతాయి, లోపల ఏం రాశాడో ఇక ఎప్పటికీ తెలియదు. ఆ సూచిక పేజీ చూసినప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

పాతరాతలు:
సబ్ రిజిస్ట్రార్ గారూ, ఇక్కడ మీ లెక్క సరిపోదండీ. అప్పటి ఇంగ్లండులో తండ్రి వీలునామా రాయకుండా పోతే భూమి మామూలుగా పెద్దకొడుక్కే వెళ్ళేది. అందుకే చాలామంది వీలునామా రాసింది మిగతా పిల్లల కోసం. పెద్దవాడికి పెళ్ళప్పుడే పొలమో ఇల్లో అప్పజెప్పేసి ఉంటే, చివర్లో ఒక షిల్లింగు రాసి ‘నీ వాటా నీకు ముట్టింది’ అని తేల్చేవారు. పైగా కాపీహోల్డ్, అంటే జమీందారు కింద ఉండే భూమి అయితే చేతులు మారడం ఆ జమీందారీ కోర్టు పుస్తకాలైన మేనర్ కోర్టు రోల్స్‌లో ఉంటుంది, వీలునామాలో కనపడకపోవచ్చు. ఒక్క షిల్లింగు చూసి కొడుకుని వెలివేశాడని రాసేయకండి.

రిటైర్డ్_సబ్‌రిజిస్ట్రార్:
నాకు వాటాల గురించి చెప్తున్నారా? వేల వీలునామాలు నా చేతుల మీదుగా రిజిస్టరు అయ్యాయి. ముట్టజెప్పినవాడికి ‘ముట్టింది’ అని స్పష్టంగా రాస్తారు. ఆ మాట ఉందా? లేదు.

గోదారి_గట్టు:
సార్, ఆ వీలునామా సగమే చదివానని ఆవిడ చెప్తుంటే, ఆ మాట లేదని మీకెలా తెలిసింది? అక్కడి మాటకి ఇక్కడి అర్థం పెడితే ఎంత నష్టమో నేను అనుభవించాను. మావారి వైపు 1620ల వీలునామాలో ‘సన్ ఇన్ లా’ అని ఉంటే అల్లుడనుకుని, లేని కూతురి పెళ్ళి కోసం చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ రిజిస్టర్లు ఎనిమిది నెలలు గాలించాను. తీరా చూస్తే అప్పట్లో సవతి కొడుకుని కూడా అలాగే అనేవారు, ఇతను రెండో భార్య మొదటి పెళ్ళి కొడుకు. ‘కజిన్’ ఇంకా అన్యాయం, అన్న కొడుకుని కూడా కజిన్ అనే రాస్తారు. మనకి మేనల్లుడు వేరు, పెదనాన్న కొడుకు వేరు, బావ వేరు. అక్కడ అందరికీ కలిపి ఒకే మాట.

రిటైర్డ్_సబ్‌రిజిస్ట్రార్:
మా తాతగారు మా నాన్నకి రాసింది ఒక్క రూపాయి. మిగతా ముగ్గురికీ మాగాణి. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ ఒక్క రూపాయికి అర్థం ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గోదారి_గట్టు:
మీ బాధ నిజం సార్, కాదనను. కానీ ఆ బాధ తీసుకెళ్ళి 1638లో సఫోక్ రైతు మీద పెట్టకండి.

బందరోడు:
ప్రాబ్ 11 పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా బందరులో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1611 నుంచి వర్తకం చేశారు. సముద్రం అవతల చనిపోయి ఇంగ్లండులో ఆస్తి ఉన్నవాళ్ళ వీలునామాలు కాంటర్‌బరీ ప్రెరోగటివ్ కోర్టు అనే పెద్ద చర్చి కోర్టుకి వెళ్ళేవి, అవీ ప్రాబ్ 11లోనే. మచిలీపట్నం స్పెల్లింగు తిప్పి తిప్పి వెతికితే మన ఊరి పేరు ఆ రాతలో కనపడింది, ఒళ్ళు జలదరించింది. మద్రాసు కోటలో సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది, దాని పెళ్ళిళ్ళ రిజిస్టరు ఎవరైనా చూశారా?

ఎక్సెటర్_అల్లుడు:
మద్రాసు వైపు చర్చి రిటర్నులు, అంటే అక్కణ్ణుంచి పంపిన రిజిస్టరు నకళ్ళు, బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల కింద ఉన్నాయి. వేరే చర్చ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

సఫోక్_కోడలు:
ఫిబ్రవరి సంగతి చదివాక గుండె తేలికపడింది, చాలా థాంక్స్. కానీ ఆ రాత ఎలా చదవాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అదే చదవగలిగితే షిల్లింగు గొడవే ఉండదు కదా.

పాతరాతలు:
నిజమే, క్షమించండి. అది సెక్రటరీ హ్యాండ్, అప్పటి ఇంగ్లండు చేతిరాత పద్ధతి. మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టండి, ‘ఇన్ ది నేమ్ ఆఫ్ గాడ్ ఆమెన్’ అనే దాదాపు అన్నీ మొదలవుతాయి. మీకు ముందే తెలిసిన వాక్యం కాబట్టి అందులో ఒక్కో అక్షరం ఆ గుమాస్తా ఎలా రాశాడో పక్క కాగితం మీద దించుకోండి. ‘ఇ’ తిరగేసినట్టు ఉంటుంది, ‘హెచ్’ తోక గీత కిందకి దిగుతుంది, పొడుగు ‘ఎస్’ని ‘ఎఫ్’ అనుకుంటారు. అన్నిటికన్నా మోసం చేసేది ‘ఆర్’, ఒక్కోసారి అచ్చం ‘డబ్ల్యూ’లా ఉంటుంది. అర్థం ఊహించి అక్షరాలు చదవకండి, అక్షరాలు చదివాకే అర్థం.

సఫోక్_కోడలు:
మూడు రాత్రులు కూర్చున్నాను. షిల్లింగు తర్వాత వాక్యం ఆగిపోలేదు! ‘నేను అతనికి ఇదివరకే ఇచ్చిన’ అని ఉంది, ఆ తర్వాత ఒక్క పదం. మొదట ‘హో’, చివర ‘సె’, మధ్యలో అక్షరం ‘ఆర్’ అయితే ‘హార్స్’, ‘డబ్ల్యూ’ అయితే అప్పటి స్పెల్లింగులో ‘హౌస్’. గుర్రం ఇచ్చాడో ఇల్లు ఇచ్చాడో!

గోదారి_గట్టు:
ఇల్లే అయ్యుంటుంది. గుర్రం ఇచ్చి వాటా తీరిందంటారా?

రిటైర్డ్_సబ్‌రిజిస్ట్రార్:
ఊహలొద్దు. ‘ఇదివరకే ఇచ్చిన’ అన్న మాట ఉంది కాబట్టి ఆ మేరకు నేను తప్పు. గుర్రమైతే మాత్రం నేను చెప్పిందే నిలబడుతుంది.

పాతరాతలు:
మీరు చూస్తున్నది రిజిస్టరులోకి ఎక్కించిన నకలు అయితే, దించినవాడే తప్పు చదివి ఉండొచ్చు. అసలు ప్రతి ఉందేమో అడగండి. ఈలోగా అదే వీలునామాలో ఆవులు, గుర్రాలు ఎవరికైనా రాశాడేమో చూసి, అక్కడ ‘ఆర్’ ఎలా పడిందో పక్కపక్కన పెట్టి పోల్చండి.

సఫోక్_కోడలు:
భార్యకి రెండు ఆవులు రాశాడు, గుర్రం ఎక్కడా లేదు. గురువారం బరీ వెళ్తున్నాను, అసలు ప్రతి అడుగుతాను.

రిటైర్డ్_సబ్‌రిజిస్ట్రార్:
ఆ పదం ఫొటో పెద్దది చేసి పెట్టమ్మా. పై లైను, కింది లైను కూడా పడేలా తియ్యి.