లాక్రాస్ ఆటకు తగిన వేగం పెంచుకోవడం ఎలా?

ప్రశ్న (అమలాపురం):
మిత్రులతో కలిసి కళాశాల మైదానంలో లాక్రాస్ (చివర వల ఉన్న కర్రతో, అంటే స్టిక్‌తో, బంతిని పట్టి విసిరే ఆట) సాధన చేస్తున్నాను. రోజూ ఉదయం కాలువ గట్టు మీద చాలా దూరం పరుగెత్తుతున్నప్పటికీ, బంతి కోసం ఒక్కసారిగా దూసుకుపోవలసి వచ్చినప్పుడు వెనుకబడిపోతున్నాను. అనుభవజ్ఞులు మార్గం సూచించగలరు.

జవాబు (భీమవరం):
మీ పరుగు దమ్మునిస్తుంది గాని వేగాన్నివ్వదు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే సిక్సెస్ (జట్టుకు ఆరుగురు ఆడే) పద్ధతిలో మైదానం 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు మాత్రమే. బంతి చేజిక్కిన 30 సెకన్లలోపు గోలుకు ప్రయత్నించాలి కనుక ఆటంతా చిన్న పరుగులతో, హఠాత్తు మలుపులతోనే సాగుతుంది. అందుచేత వారానికి రెండు రోజులు 20, 30 మీటర్ల పరుగులు ఆరేడు సార్లు పూర్తి వేగంతో తీయండి, ప్రతి పరుగు తరువాత ఊపిరి కుదుటపడేవరకు ఆగండి. ఆయాసంతోనే మళ్లీ పరుగెత్తితే అది తిరిగి దమ్ము సాధనే అవుతుంది. స్టిక్ పట్టుకుంటే చేతులు ఊపే తీరు మారిపోతుంది కాబట్టి కొన్ని పరుగులు దానితోనే తీయాలి.

జవాబు (రాజోలు):
దీనికి బస్కీలు కూడా చేర్చండి, తొడల బలం లేనిదే తొలి అడుగుల్లో వేగం రాదు. అంతర్వేది ఇసుకలో పరుగెత్తమని మావైపు అందరూ చెబుతారు. అది పిక్కలకు మంచిదే గాని, అతిగా చేస్తే మడమ వెనుక నొప్పి పట్టుకుంటుంది. మన ఉక్కపోతలో చెమట త్వరగా ఆరదు కనుక ఎండెక్కకముందే సాధన ముగించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలు. గట్టు పరుగును వారానికి ఒక్కరోజుకు తగ్గిస్తాను.