హారర్ రోల్‌ప్లే ఆటలో ఆంత్రోపాలజీ స్కిల్‌ను ఎలా వాడాలి?

కర్నూలు బృందం కోసం 'కాల్ ఆఫ్ కతుల్హు' ఏడో ఎడిషన్‌లో ఒక కథ సిద్ధమవుతోంది. 1920ల కాలం, నల్లమల అంచు. ఒక పాత్రకు ఆంత్రోపాలజీ (మనుషుల ఆచారాలను, సమాజాలను చదివే శాస్త్రం) స్కిల్ 60 ఉంది, అంటే నూరు వరకు పడే పాచికల్లో 60 లేదా అంతకు తక్కువ పడితే గెలుపు. కష్టమైన పరీక్షకు 30, అతి కష్టమైనదానికి 12 లోపు పడాలి.

నేపథ్యం అహోబిలం పారువేట, అంటే నరసింహస్వామి వేట ఉత్సవం. చెంచులు నరసింహస్వామిని తమ అల్లుడిగా చూస్తారు, పల్లకి మీదకు బాణాలు వేస్తారు. ఆ తర్వాత స్వామి తన పెళ్లికి పిలవడానికి వారాల తరబడి ఊరూరా తిరుగుతాడు. నా కథలో ఒక కల్పిత ఊరు మాత్రం పల్లకిని దిగనివ్వదు. బాణాలు వేయడం వింత కాదు, అది మర్యాద; తలుపులు మూసుకోవడమే వింత. ఈ తేడా పట్టించేది ఆంత్రోపాలజీయే కావాలి. చెంచులను రాక్షసపూజ చేసేవాళ్లుగా చూపడం మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు.

చిక్కు ఇక్కడుంది. పాచిక తప్పితే ఆధారం దొరకదు, కథ ఆగిపోతుంది. అందుకని కంటికి కనబడేది ఊరికే చెప్పేసి, ఎందుకన్నదానికే పాచిక వేయిద్దామనుకుంటున్నా. తప్పితే పుష్ చేయొచ్చు, అంటే ఇంకోసారి పాచిక వేయొచ్చు, కానీ పద్ధతి మారాలి: దూరంగా చూడ్డం మానేసి పెద్దమ్మల దగ్గర కూర్చుని అడగాలి. అదీ తప్పితే ఊరంతా నోరు మూసుకుంటుంది, రాత్రికి బస కూడా దొరకదు.

ఈ శిక్ష సరిపోతుందా? ఇదే చోట అకల్ట్ (గూఢ విద్యల జ్ఞానం), హిస్టరీ స్కిళ్లకు ఏం మిగల్చాలి? ఇలాంటివి నడిపినవాళ్లు వివరంగా చెప్పండి.