అమ్మ నడుముకి స్క్రూలు వేయించాలా?

ప్రశ్న (కవిటి, ఇప్పుడు డల్లాస్)
అన్నయ్యలకీ అక్కలకీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి 2 నెలలైంది. అమ్మకి 61 ఏళ్లు. చాలాకాలంగా నడుము నొప్పి, ఎడమ కాలు లాగుతోంది. విశాఖలో ఎమ్మారై తీయించాం. నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ అరిగిపోయింది, స్క్రూలు, రాడ్లు వేసి ఎముకలు అతికించాలి, ఈ నెలలోనే చేయించేయండి అన్నారు. దూరంగా ఉన్నానని టెన్షన్‌గా ఉంది. డబ్బు పంపేయనా?

జవాబు (బొబ్బిలి, ఇప్పుడు న్యూజెర్సీ)
తమ్ముడూ, డబ్బు పంపే ముందు అమ్మకి ఫోన్ చేసి అడుగు: నొప్పి నడుములో ఎక్కువా, కాలులో ఎక్కువా? కూర్చుంటే తగ్గుతోందా?

మా అమ్మ గుడికి బయల్దేరితే నాలుగిళ్లు దాటేసరికి ఎవరి అరుగు మీదో కూలబడేది. అదే మనిషి పొద్దున్నే వంగి వాకిలంతా ఊడ్చి ముగ్గేసేది. మాకేమీ అర్థమయ్యేది కాదు. వంగితే వెన్నులో నరాల దారి కాస్త తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే ఇరుకైపోతుంది. స్టెనోసిస్ అంటే అదే. దానికి నరం మీద ఒత్తిడి తీసే ఆపరేషన్ ఉంది. అమ్మకి అదొక్కటే చేశారు, స్క్రూలు వేయలేదు. ఇప్పుడు గుడిదాకా ఆగకుండా వెళ్తోంది.

2016లో స్వీడన్ వాళ్లు 247 మంది స్టెనోసిస్ రోగులను చూశారు. ఒత్తిడి మాత్రమే తీసినవాళ్లకీ, ఫ్యూజన్, అంటే ఎముకలు అతికించడం కూడా చేసినవాళ్లకీ 2 ఏళ్ల తర్వాత తేడా కనపడలేదు. అదే ఏడాది అమెరికాలో 66 మందితో చేసిన పరిశోధనలో, ఎముక జారినవాళ్లకి ఫ్యూజన్ వల్ల కొంచెం మేలు కనిపించింది. అందుకే డాక్టర్ల మాట ఒకలా ఉండదు.

ఎముక జారి కదులుతున్నా, వెన్ను వంకర పెరుగుతున్నా ఫ్యూజన్‌కి అర్థం ఉంది. ఆ కదలిక పడుకోబెట్టి తీసే ఎమ్మారైలో దొరక్కపోవచ్చు. నిలబెట్టి, ముందుకీ వెనక్కీ వంచి తీసే ఎక్స్‌రే కావాలి. అది తీశారా అని అడుగు. 'అరిగిపోయింది' అన్న మాటకి భయపడకు. ఏ నొప్పీ లేని 60 ఏళ్లవాళ్లలో కూడా 100కి 88 మందికి స్కాన్‌లో డిస్క్ అరుగుదల కనిపిస్తుంది.

మా మావయ్యగారికి కాలు నొప్పి లేదు, ఉత్త నడుము నొప్పే. ఎక్స్‌రే సంగతి అడగకుండా ఇక్కడి నుంచి ఫోన్‌లో ఫ్యూజన్‌కి సరే అనేసింది నేనే. ఆయన ఇప్పటికీ మంచం పట్టె రెండు చేతులతో పట్టుకునే లేస్తారు. అతికించిన కీలు ఇక కదలదు, ఆ భారం పై కీలు మీదా కింది కీలు మీదా పడుతుంది. ఆ ఫోన్ కాల్ నాకు గుర్తొస్తూనే ఉంటుంది తమ్ముడూ, అందుకే ఇంత రాస్తున్నాను.

ఎమ్మారై సీడీ తీసుకుని వేరే ఆసుపత్రిలో ఇంకో స్పైన్ సర్జన్‌కి చూపించండి. ఇంకొకటి, మీది ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బులు ఎంతలా ఉన్నాయో నీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించకుండా నొప్పి బిళ్లలు మింగనివ్వకండి.

జవాబు (పాలకొండ, ఇప్పుడు టొరంటో)
అక్క చెప్పిందంతా నిజమే, కానీ పాదం పైకి లేవకపోయినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, కూర్చునే చోట మొద్దుబారినా ఇంకో డాక్టరు కోసం ఆగకూడదు, ఆ రోజే ఆసుపత్రిలో ఉండాలి. ఫ్యూజనే అని తేలితే ముందు షుగరు, ఎముకల బలం చూపించండి. అమ్మకి చుట్ట, అడ్డపొగ అలవాటుందా? పొగ మానకపోతే ఎముక సరిగా అతుక్కోకపోవచ్చు.

ప్రశ్న అడిగిన తమ్ముడు
ఇప్పుడే మాట్లాడాను. కాలే ఎక్కువట. వీధి చివరికి వెళ్లేలోపు మొద్దుబారిపోతోందట, కూర్చుని జీడిపప్పు ఒలుస్తున్నంతసేపూ ఏమీ ఉండదట. వంచి తీసే ఎక్స్‌రే అసలు తీయలేదు. సోమవారం బావ తీసుకెళ్తానన్నాడు. చుట్ట సంగతి అడిగితే మాత్రం, "అక్కడ చలెలా ఉంది నాయనా" అంది.