రిటైరయ్యాక డెల్టాలో ఎక్కడ? రాజమండ్రి దగ్గర సీనియర్ సిటిజన్ ఫ్లాటా, అంబాజీపేట వైపు సొంతూరా?

తిరుగుప్రయాణం:

నమస్కారమండి. నాకు 67, మా ఆవిడకు 63. ఉద్యోగం పేరుతో ఢిల్లీ వచ్చి ఇక్కడే ముసలివాళ్ళమైపోయాం, పిల్లలిద్దరూ అమెరికాలో స్థిరపడ్డారు. నవంబరు వస్తే ఈ పొగకి ఆవిడకు ఆయాసం, జనవరి వస్తే చలికి మోకాళ్ళు బిగుసుకుపోయి పొద్దున్నే మంచం దిగడమే కష్టం. ఇంక ఎండ కాసే చోటికి పోదామని రోజూ పోరుతోంది. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, ఆవిడది మండపేట, కాబట్టి గోదావరి జిల్లాలకే రావాలన్నది ఖాయం. కోయంబత్తూరు చుట్టుపక్కల రిటైరైనవాళ్ళ కాలనీలు చాలా ఉన్నాయని తెలుసు, కానీ ఈ వయసులో కొత్త భాష నేర్చుకుని కూరలవాడితో బేరమాడే ఓపిక మాకు లేదు.

రాజమండ్రి శివార్లలో ఒక బిల్డరు పెద్దవాళ్ళ కోసమే అంటూ ఫ్లాట్లు కడుతున్నాడు. భోజనశాల, నర్సు, గుడి, వాకింగ్ ట్రాక్ అన్నీ బ్రోచర్లో ఉన్నాయి, ఈ నెలాఖరులోగా 20 శాతం కడితే పాత రేటుకే ఇస్తానంటున్నాడు. లేదంటే ఊళ్ళో మా వాటాకి వచ్చిన పెంకుటిల్లు బాగు చేయించుకోవాలి, పక్కనే తమ్ముడి కుటుంబం ఉంది. అక్కడ ఉంటున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఏటిగట్టు:

ముందు ఎండ సంగతి. ఢిల్లీలో 45 డిగ్రీలు చూసినవారికి ఇక్కడి అంకెలు భయపెట్టవు, కానీ ఉక్క ఉంటుంది చూడండి, దాని లెక్క వేరు. అక్కడ చల్లగా ఆడే కూలరు ఇక్కడ ఉన్న తేమకి ఇంకాస్త తేమ కలుపుతుందంతే. మే నెలలో పెద్దవాళ్ళకి ఏసీ తప్పదు, కరెంటు పోతే ఏసీ ఉండదు, కాబట్టి ఆ ఫ్లాట్లవాళ్ళ జనరేటరు లిఫ్టుకీ వరండా లైట్లకేనా, గదిలో ఏసీకి కూడా ఇస్తారా అని అడగండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఆవిడ మోకాళ్ళకి దివ్యంగా ఉంటుంది. ఆ నెలల్లోనే అందరూ వచ్చి చూసుకుని మురిసిపోయి అడ్వాన్సులు ఇచ్చేస్తారు, సంక్రాంతికి బ్రోచర్లు పంచేది అందుకే.

రెండోది నీళ్ళు. డెల్టాలో నీళ్ళకేం కొదవ అని బయటివాళ్ళు అనుకుంటారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసినప్పటి నుంచి కింద ఊళ్ళన్నీ కాలవ మీదే బతుకుతున్నాయి, వేసవిలో ఆ కాలవలు కట్టేస్తే జూన్‌లో మళ్ళీ వదిలేదాకా మంచినీళ్ళ చెరువులో పట్టి ఉంచుకున్నదే దిక్కు. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు వేసినా ఉప్పు నీళ్ళు పడతాయి, రొయ్యల చెరువులు ఎక్కువైన చోట్ల అయితే మరీనూ. మీ ఊళ్ళో బోరు నీళ్ళతో పప్పు ఉడుకుతుందో లేదో తమ్ముడి భార్యని అడగండి, ఆవిడ చెప్పిందే నమ్మండి.

మూడోది, మీ ఊరు ఏటిగట్టుకి ఊరివైపు ఉందా ఏటివైపు ఉందా అన్నది మీరు రాయలేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో అంతకన్నా చాలా ఎక్కువే వచ్చింది. ఏటి మధ్య లంకల్లో అయితే అంత పెద్ద వరద కూడా అక్కర్లేదు, కనకాయలంక కాజ్‌వే లాంటివి ముందే మునిగిపోతాయి, తర్వాత పడవే గతి. ఆయాసం ఉన్న మనిషిని ఆ పడవలో ఎక్కించాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి. తుఫాను సంగతి మీకు చెప్పక్కర్లేదు, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి ఏమైందో మీ తమ్ముడికి బాగా గుర్తుండే ఉంటుంది.

పాలకొల్లు పెద్దాయన:

పైన చెప్పినవన్నీ నిజమే గానీ మరీ భయపెట్టేశారు. నేను 71 ఏళ్ళవాణ్ణి, సొంత ఊళ్ళో సొంత ఇంట్లో ఉంటున్నాను. పెరట్లో రెండు గదులు వేసి ఒక జంటకి ఊరికే ఇచ్చాను, ఆయన తోటపని చూస్తాడు, ఆవిడ వంట చేస్తుంది, జీతం వేరే ఇస్తాను. బాత్రూం మాత్రం పడగ్గదికి ఆనించి కొత్తగా కట్టించి, జారని టైల్సు, గోడకి పట్టుకునే కడ్డీలు పెట్టించాను. ఫ్లాట్లో నాలుగు గోడల మధ్య కూర్చుని భోజనం గంట ఎప్పుడు కొడతారా అని చూసే బతుకు నావల్ల కాదండి. అరుగు మీద కూర్చుంటే పది మంది పలకరిస్తారు, ఆయ్.

మామిడికుదురు కుర్రోడు:

ఆ పది మంది ఇప్పుడు ఎక్కడున్నారండి? మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలే. మా వయసు వాళ్ళం ఉంటే హైదరాబాద్, లేకపోతే గల్ఫ్. కొబ్బరి దింపుకే మనిషి దొరక్క కాయలు ఎండి రాలిపోతుంటే, పెద్దవాళ్ళని చూసుకునే జంట అంత సులువుగా దొరుకుతుందా? పాలకొల్లు పెద్దాయన గారికి దొరికారు, వాళ్ళు మానేస్తే ఏమిటన్నది కూడా ఆలోచించుకోవాలి కదా.

కాకినాడ కోడలు:

బాబాయ్ గారూ, ఎండా వానా పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడుగుతాను, మీ ఇద్దరిలో ఒకరు మంచాన పడితే ఆ ఫ్లాట్ల వాళ్ళు ఉండనిస్తారా? మా అత్తగారు, మామగారు ఇలాంటి చోటే ఉండేవారు, పేరు చెప్పను, ఇక్కడిది కాదు. తిరిగినన్నాళ్ళూ బాగా చూశారు, అబద్ధం ఆడకూడదు, భజనలు, పుట్టినరోజులు, డ్రైవరుతో సహా కారు, అన్నీ ఉండేవి. అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగి ఆసుపత్రి నుంచి వచ్చాక అసలు కథ మొదలైంది. తమ పని తాము చేసుకోగలిగే వాళ్ళకే ఇక్కడ ఉండే వీలు అని ఒప్పందంలో ఒక వాక్యం ఉందట, మనిషిని మీరే పెట్టుకోండి, ఆ మనిషి భోజనానికి, పడకకి వేరే కట్టండి, లేకపోతే వేరే చోటు చూసుకోండి అన్నారు. నర్సు ఉందన్నారు గానీ పగలు మాత్రమే, రాత్రికి ఉండేది వాచ్‌మన్.

కాబట్టి మీరు వెళ్ళి చూసేటప్పుడు గుడి, ట్రాక్ తర్వాత చూద్దురుగాని. రాత్రి రెండింటికి గంట నొక్కితే ఎవరు వస్తారు, సొంత అంబులెన్సు ఉందా, 108కి ఫోన్ చేసి కూర్చుంటారా, అక్కడి నుంచి గుండె డాక్టరు రాత్రిపూట కూడా ఉండే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో మీరే ఒకసారి కారులో పోయి చూసుకోండి. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా, బాత్రూం తలుపులోంచి చక్రాల కుర్చీ పోతుందా అని టేపు పెట్టి కొలవండి, నవ్వితే నవ్వనివ్వండి. నెలవారీ ఖర్చు ఏటా ఎంత పెంచుతారో కాగితం మీద ఉందా? ఇద్దరిలో ఒకరే మిగిలితే తగ్గిస్తారా? రేపు పిల్లలు అమ్మాలంటే ఎవరికైనా అమ్ముకోవచ్చా, 60 దాటినవాళ్ళకే అమ్మాలా? అలా అయితే అమ్ముడుపోయేదాకా ఖాళీ ఫ్లాటుకి మెయింటెనెన్సు పిల్లలే కట్టుకుంటూ ఉండాలి.

సొంతూరైనా రాత్రి ప్రశ్న ఇదే. అమలాపురంలో అయ్యేదానికి సరే, పెద్ద ఆసుపత్రి అంటే కాకినాడో రాజమండ్రో, అటైనా ఇటైనా గంటకి పైనే ప్రయాణం.

తిరుగుప్రయాణం:

అందరికీ ధన్యవాదాలు. మా ఊరు గట్టుకి ఊరివైపే, 2022లో నీళ్ళు రాలేదు. రాత్రి నర్సు సంగతి ఇందాకే ఫోన్ చేసి అడిగితే "ఆన్ కాల్ ఉంటారు సార్" అన్నాడు, అంటే ఏమిటని మళ్ళీ అడిగితే మేనేజరుతో మాట్లాడిస్తానన్నాడు. ఇంకో సందేహం. ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది. దాన్ని ఇప్పుడే పిల్లల పేర రాసేస్తే గొడవ వదిలిపోతుందని ఆవిడ అంటుంది, తమ్ముడి కొడుక్కి రాసి మమ్మల్ని చూసుకోమందామని నా ఆలోచన. ఏది మేలు?

దస్తావేజు:

రిజిస్ట్రేషన్ల పని చూసి రిటైరైనవాణ్ణి, కొంచెం చాదస్తంగా చెబుతాను. విదేశాల్లో స్థిరపడిన పిల్లలకి, వాళ్ళది భారత పౌరసత్వమైనా ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే కార్డు) అయినా, సాగుభూమి కొనే వీలూ లేదు, బహుమతిగా పుచ్చుకునే వీలూ లేదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. కాబట్టి పిల్లలకే అనుకుంటే గిఫ్టు డీడు కాదు, వీలునామా.

తమ్ముడి కొడుక్కి అయితే, నన్నడిగితే ఇప్పుడు రాయకండి. రాసి తీరాలి అంటే మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షను ఉంది, చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి పుచ్చుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌కి పోవచ్చు, అంటే మన ఆర్డీవో దగ్గరికే. షరతు నోటిమాటగా ఉంటే నిరూపించుకోలేక తిరగాలి. పైగా రక్తసంబంధం, కేసు వేయడానికి మీకే మనసు రాదు.

ఫ్లాటు విషయానికొస్తే, ఆ 20 శాతం మాట వినగానే నాకు అనుమానం వచ్చింది. రెరా, అంటే ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళని కట్టడి చేసే చట్టం, దాని ప్రకారం అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. రెరా నంబరు అడగండి, ఏపీ రెరా వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. మీరు కట్టే డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, కట్టడంలో లోపం బయటపడితే అయిదేళ్ళ వరకు బిల్డరుదే బాధ్యత. బ్రోచరు పారేయకండి, అందులో రాసిన అబద్ధానికి కూడా వాడు జవాబు చెప్పుకోవాలి. అయితే భోజనం, నర్సు అనేవి ఇటుకలూ సిమెంటూ కాదు, వాటికి వేరే సేవల ఒప్పందం ఉంటుంది, అది ఎన్నేళ్ళకి, బిల్డరు తప్పుకుంటే ఎవరు నడుపుతారు అన్నది అందులో వెతకండి. ఆ కాగితం చూపించకుండా డబ్బు అడిగేవాడి దగ్గర కూర్చోవడం కూడా అనవసరం.

తిరుగుప్రయాణం:

అయితే ఈ నెలాఖరుకి ఏమీ కట్టను. ఏప్రిల్‌లో వచ్చి రాజమండ్రిలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఆగస్టు వరదలు కూడా చూసి అప్పుడు తేల్చుకుంటాం. ఈలోగా ఊరి ఇంట్లో బాత్రూం పని తమ్ముడికి అప్పజెబుతాను. ఆవిడ మాత్రం అద్దె ఎలాగూ కడతాం కదా, అదేదో మండపేటలో తీసుకుందాం, అన్నయ్యవాళ్ళు ఉన్నారు అంటోంది.

ఏటిగట్టు:

మండపేట మంచి ఊరే, కానీ అక్కడ రైసు మిల్లులు ఎక్కువ. ఆయాసం ఉన్నావిడకి మిల్లుకి దగ్గర్లో ఇల్లు తీసుకోకండి, ఊక ధూళి కిటికీలు మూసినా ఆగదు. రాజమండ్రిలో అయితే కింద అంతస్తు చూసుకోండి, వాన నీళ్ళు నిలిచే వీధా కాదా అని పక్కింటివాళ్ళని అడిగి మరీ దిగండి, ఇంటాయన చెప్పడు.