అరవకుండా పని చేయించడం ఎలా?

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని ఒక చిన్న మెషిన్ షాపులో ఈ మధ్యే సూపర్‌వైజర్‌నయ్యాను. నా కింద హిందూపురం వాళ్లు, రాయచూరు వాళ్లు, ఇద్దరు ఒడిశా కుర్రాళ్లు ఉన్నారు. పని రానివాళ్లు కారు, పని మీద మనసు లేనివాళ్లు.

గంటకోసారి ఒక బుష్‌ను (మేం చేసే గొట్టంలాంటి చిన్న విడిభాగం) మైక్రోమీటర్‌తో కొలిచి రిజిస్టర్‌లో రాయాలి. మొన్న పదకొండింటికి చూస్తే సాయంత్రం నాలుగు గంటల కొలత కూడా రాసి ఉంది! అడిగితే "ఎప్పుడూ అంతే వస్తుంది కదా సార్" అన్నాడు రాసినవాడు. నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

జీతం కోస్తే దారికొస్తారని యజమాని అంటారు. అది నాకు ఇష్టం లేదు. పైగా చట్ట ప్రకారం జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం మించకూడదు, సంజాయిషీ వినకుండా అసలు వేయకూడదు. ఇక అరుపులంటారా, పాత సూపర్‌వైజర్ అరిచేవాడు. ఆయన షిఫ్టు సరుకే ఎక్కువగా తిరిగొచ్చేది.

అసలు చిక్కు హిందూపురం పెద్దాయనతో. వయసులో నాకంటే చాలా పెద్ద, "అన్నా" అనే పిలుస్తాను. టీకి వెళితే అరగంట. ఆయనను చూసి కుర్రాళ్లూ అంతే. పక్కకు పిలిచి చెబితే తలూపుతారు, మర్నాడు షరా మామూలే.

అన్నా అంటూనే గట్టిగా చెప్పడం ఎలా? కొలతల బాధ్యత మొత్తం ఆయనకే అప్పగిస్తే మారతారా, లేక బద్ధకానికి బహుమతి ఇచ్చినట్టవుతుందా? రాతపూర్వక హెచ్చరిక ఏ దశలో ఇవ్వాలి? షాపుల్లో మనుషులతో పని చేయించినవాళ్లు చెప్పండి, పుస్తకాల్లోని సూత్రాలు మాత్రం వద్దు.